డిస్క్ గోల్ఫ్: సంచిలో మూడే డిస్క్‌లుంటే

గోల్ఫ్‌లో ఆటగాడు 14 క్లబ్‌లకు మించి వెంట తీసుకెళ్లకూడదు. అమెరికా గోల్ఫ్ సంఘం 1938లోనే ఈ పరిమితి పెట్టింది. బంతికి బదులు ఫ్రిస్బీ లాంటి డిస్క్‌ను విసిరి, గొలుసులు వేలాడే బుట్టలో (బాస్కెట్‌లో) వీలైనన్ని తక్కువ త్రోల్లో వేయాల్సిన డిస్క్ గోల్ఫ్‌లో అలాంటి హద్దు లేదు. ఎన్ని మోయగలిగితే అన్ని మోసుకెళ్లొచ్చు. అందుకే ఆట మొదలుపెట్టిన కొద్ది నెలలకే చాలామంది సంచి డజను దాటిపోతుంది. కొత్త డిస్క్ కొంటే కొత్త షాట్ వస్తుందన్న ఆశ ఒకటి, పక్కవాడి డిస్క్ చక్కగా ఎగిరితే ఆ ఘనత డిస్క్‌దే అనిపించడం ఇంకొకటి. కానీ రెండు మూడు డిస్క్‌లతోనే కోర్సు మొత్తం ఆడేవాళ్లూ ఉన్నారు. వాళ్ల స్కోర్లు అనుకున్నంతగా దిగజారవు. ఎందుకు దిగజారవో చూస్తే, ఈ ఆటలో డిస్క్ చేసే పనెంతో, చెయ్యి చేసే పనెంతో తేలుతుంది.

నిజానికి ఆట పుట్టిందే తక్కువ డిస్క్‌లతో. 1975లో క్యాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ మొదటి శాశ్వత కోర్సు ఏర్పాటు చేసినప్పుడు ఆడినవాళ్ల చేతుల్లో ఉన్నవి మామూలు ఫ్రిస్బీలే. ఇది దూరం విసిరే డ్రైవర్, ఇది దగ్గర్నుంచి బుట్టలో వేసే పుట్టర్ అనే తేడా అప్పటికి లేదు. 1983లో డేవ్ డునిపేస్ రూపొందించిన ఈగిల్ అనే డిస్క్‌ను ఇన్నోవా అనే డిస్క్‌ల కంపెనీ తెచ్చింది. మొద్దుగా గుండ్రంగా ఉండే అంచు స్థానంలో ఏటవాలు అంచు వచ్చింది. అది గాలిని కోసుకుంటూ పోయింది. రకాలు విడిపోవడం అక్కడే మొదలైంది. ఇవాళ ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్, అంటే పీడీజీఏ, ఆమోదించిన మోడళ్లు వెయ్యి దాటాయి.

ఇన్ని రకాల మధ్య తేడా చెప్పడానికి ప్రతి డిస్క్ మీదా సాధారణంగా నాలుగు అంకెలు ఉంటాయి: స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. స్పీడ్ అంటే డిస్క్ ఎంత వేగంగా పోతుందనే కాదు, దాన్ని ఎంత వేగంగా విసిరితే అది చెప్పినట్టు ఎగురుతుందని కూడా. కొనేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఈ రెండో అర్థాన్నే. గ్లైడ్ గాలిలో తేలే గుణం. టర్న్, ఫేడ్ అనేవి పక్కకు మళ్లడం గురించి. కుడిచేతి వాటం ఆటగాడు బ్యాక్‌హ్యాండ్‌లో, అంటే చేతిని ఒంటికి అడ్డంగా ఎడమ నుంచి కుడికి ఊపి, విసిరితే డిస్క్ పైనుంచి చూసినప్పుడు గడియారం ముళ్ల దిశలో తిరుగుతుంది. వేగం బాగా ఉన్నంతసేపు కుడికి జరగడం టర్న్, వేగం పడిపోయాక ఎడమకు వాలడం ఫేడ్. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ లెక్కలోనే. ఎడమచేతి వాటం వాళ్లకు అంతా అటుదిటు.

డిస్క్ అలా ఎందుకు మళ్లుతుందంటే, దాన్ని పైకి లేపే బలం అన్ని వేళలా సరిగ్గా మధ్యలో పనిచేయదు. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు ఆ బలం మధ్యకు కాస్త వెనక పడుతుంది. దాంతో ముందు అంచు కిందికి వంగాలి. కానీ డిస్క్ గిరగిరా తిరుగుతోంది కాబట్టి ఆ ప్రభావం పావు చుట్టు ఆలస్యంగా, పక్క అంచు మీద బయటపడుతుంది. ముందు అంచు వంగడానికి బదులు కుడి అంచు దిగుతుంది. వేగం తగ్గి డిస్క్ కిందికి దిగేటప్పుడు బలం ముందుకు జరుగుతుంది, అప్పుడు ఎడమ అంచు దిగుతుంది. ఎక్కువ ఫేడ్ ఉండి టర్న్ దాదాపు లేనిదాన్ని ఓవర్‌స్టేబుల్ అంటారు. సులువుగా కుడికి తిరిగేది అండర్‌స్టేబుల్.

ఈ నాలుగు అంకెలూ ఒక షరతు మీద నడుస్తాయి. చేతి వేగం డిస్క్ స్పీడ్‌కు సరిపోవాలి. డిస్ట్రాయర్ అనే డ్రైవర్ అంకెలు 12, 5, -1, 3. ఆ స్పీడ్ 12కు తగ్గ వేగం ఉన్న చేతిలో అది కాస్త కుడికి జరిగి, చాలా దూరం పోయి, చివర్లో ఎడమకు వస్తుంది. 60, 70 మీటర్లు విసిరే కొత్త ఆటగాడి చేతిలో ఆ -1, అంటే కుడికి జరిగే టర్న్, ఎప్పటికీ కనిపించదు. డిస్క్ చేతిలోంచి వెళ్లీ వెళ్లగానే ఎడమకు వాలి నేలకు కొట్టుకుంటుంది. స్పీడ్ 11 డిస్క్ కొన్నా అంతే, 13 కొన్నా అంతే. అంటే ఆ ఆటగాడి సంచిలో పది డ్రైవర్లున్నా ఎగిరే తీరులో అవన్నీ ఒకే డిస్క్. రంగులే వేరు. సంచిలో ఎన్ని డిస్క్‌లున్నాయన్నది ఒక లెక్క, వాటిలో ఎన్ని నిజంగా వేర్వేరుగా ఎగురుతున్నాయన్నది ఇంకో లెక్క. రెండో లెక్క చేతి వేగాన్ని బట్టి మారుతుంది. తక్కువ వేగం ఉన్నవాళ్లు సంచి తగ్గించుకున్నప్పుడు పోగొట్టుకునేది నిజంగా చాలా కొంచెం.

ఇక ఉన్న కొద్ది డిస్క్‌లతో అన్ని షాట్లూ ఎలా వస్తాయన్నది అసలు సంగతి. ఒక మిడ్‌రేంజ్, అంటే డ్రైవర్‌కూ పుట్టర్‌కూ మధ్య రకం డిస్క్, తీసుకుందాం. డిస్క్‌క్రాఫ్ట్ వాళ్ల బజ్ లాంటిది, అంకెలు 5, 4, -1, 1. ఒక హోల్, అంటే కోర్సులో ఒక బాస్కెట్ దాకా ఆడే భాగం, కూడా ఊహించుకుందాం. మొదటి త్రో వేసే చోటు (టీ) నుంచి బాస్కెట్‌కు 80 మీటర్లు. 50 మీటర్ల దాకా దారి సూటిగా ఉండి అక్కడ ఎడమకు తిరుగుతుంది. మలుపు లోపలి వైపు ఒక పెద్ద చెట్టు, కొమ్మలు కిందిదాకా ఉన్నాయి.

పెద్ద సంచి ఉన్నవాడు ఇక్కడ ఓవర్‌స్టేబుల్ డిస్క్ తీసి, సమంగా పట్టుకుని విసిరేస్తాడు. చివర్లో అదే ఎడమకు వంగుతుంది. మిడ్‌రేంజ్ ఒక్కటే ఉన్నవాడు ఆ వంపును చేత్తో ఇవ్వాలి. మొదటి దారి హైజర్: డిస్క్ బయటి అంచు నేల వైపు దిగేలా వాల్చి విసరడం. మొదటి నుంచీ ఎడమకు వంగుతుంది కాబట్టి గురి దారికి కుడి పక్కగా పెట్టాలి. అయితే కుడి వైపు ఖాళీ లేకపోతే ఇది కుదరదు. రెండోది, హైజర్ కోణం కాస్త తగ్గించి, ఎత్తు పెంచడం. పైకి వెళ్లిన డిస్క్ అక్కడే వేగం కోల్పోతుంది. వేగం పోయిన డిస్క్ ఎలాగూ ఎడమకే వాలుతుంది. అంటే ఆ చిన్న ఫేడ్ అంకె 1 ఎత్తు నుంచి దిగేటప్పుడు 2 లాగానో 3 లాగానో పనిచేస్తుంది. మూడోది ఫోర్‌హ్యాండ్, అంటే ఒంటికి కుడి పక్క నుంచి అరచెయ్యి ముందుకు ఉండేలా విసరడం. డిస్క్ తిరిగే దిశ మారిపోతుంది కాబట్టి మామూలుగా వేస్తే చివర్లో కుడికి పోతుంది. బయటి అంచును పైకి లేపి యాన్‌హైజర్‌లో వేస్తే ఎడమకు తిరుగుతుంది, నేల తాకేటప్పుడు బ్యాక్‌హ్యాండ్ హైజర్‌లా అడ్డంగా జారకుండా మెత్తగా దిగుతుంది. నాలుగోదీ ఉంది: మలుపు దాకా సమంగా వేసి ఆపుకోవడం, అక్కడి నుంచి బాస్కెట్ దగ్గరికి చేర్చే 30 మీటర్ల త్రో, అంటే అప్రోచ్. చెట్టు కింద ఇరుక్కుని రెండు త్రోలు పోగొట్టుకోవడం కంటే ఇది చాలాసార్లు నయం. కానీ సంచిలో ‘ఈ మలుపుకే పుట్టిన’ డిస్క్ ఉన్నప్పుడు ఈ ఆలోచన తట్టదు.

కోణం, ఎత్తు, బలం, ముందు అంచు పైకి ఉందా కిందికి ఉందా అన్నది, బ్యాక్‌హ్యాండా ఫోర్‌హ్యాండా. ఒక డిస్క్‌కు ఇన్ని మార్పులు చేయొచ్చు. పెద్ద సంచి చేసేదల్లా ఈ మార్పుల్లో కొన్నింటిని చేతి నుంచి తీసి ప్లాస్టిక్‌కు అప్పగించడమే.

అది తప్పేమీ కాదు. తక్కువ డిస్క్‌లే గొప్ప అని వాదించేవాళ్లు ఇక్కడ కొంచెం అతి చేస్తారు. పెద్ద టోర్నమెంట్లలో ఆడే ఆటగాళ్లు ఇరవై దాకా డిస్క్‌లు మోస్తారంటే దానికి గట్టి కారణమే ఉంది. ప్రతి షాట్‌కూ చేతి కోణం మార్చడం కంటే ఒకే రకంగా విసురుతూ డిస్క్ మార్చడం టెన్షన్‌లో తక్కువ ప్రమాదం. వేల సార్లు చేసిన ఒకే కదలికను నమ్ముకోవచ్చు. వంపు ఎంత కావాలో డిస్క్ చూసుకుంటుంది. పైగా వాళ్ల చేతి వేగానికి ఆ ఇరవై డిస్క్‌లూ నిజంగానే ఇరవై రకాలుగా ఎగురుతాయి. ఇక్కడ వరుస ముఖ్యం. ఒకే రకంగా విసరగల చెయ్యి ముందు వస్తే ఆ తర్వాత డిస్క్‌ల రకాలు పనికొస్తాయి. చెయ్యి ఇంకా కుదురుకోని దశలో పెద్ద సంచి ఒక పాఠాన్ని దాచిపెడుతుంది.

దాచిపెట్టడం అంటే ఇలా. ఒక త్రో అనుకున్న చోటికి పోలేదు. కారణం ఏమై ఉంటుంది? ముందు అంచు పైకి లేచిందా, వదలడం ఆలస్యమైందా, గాలి కొట్టిందా, లేక డిస్కే సరిపోలేదా? డజను డిస్క్‌లున్నప్పుడు ఈ నాలుగో కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నెపం వెళ్లి డిస్క్ మీద పడుతుంది. తర్వాతి హోల్‌కు వేరే డిస్క్ బయటికి వస్తుంది. ఆ త్రో బాగా పడినా ఎందుకు బాగా పడిందో తెలియదు, ఎందుకంటే చెయ్యీ మారింది, డిస్కూ మారింది. మూడే డిస్క్‌లుంటే ఈ గందరగోళం చాలావరకు పోతుంది. ఉదయం నుంచి అదే మిడ్‌రేంజ్ సూటిగా పోతూ ఇప్పుడు కుడికి తిరిగి చెట్లలో పడిందంటే, మారింది చెయ్యో గాలో అయి ఉండాలి.

నెమ్మదైన డిస్క్‌లు ఈ విషయంలో మరీ కఠినమైన గురువులు. పుట్టర్‌ను టీ నుంచి గట్టిగా విసిరి చూస్తే తెలుస్తుంది. చేతి మణికట్టు కదలిక డిస్క్ తలంతో సరిగ్గా కలవకపోతే అది చేతిలోంచి వణుకుతూ బయటికి వస్తుంది, వెంటనే కుడికి పొర్లిపోతుంది. అదే తప్పుతో వెడల్పు అంచున్న ఓవర్‌స్టేబుల్ డ్రైవర్ విసిరితే ఆ వణుకును దాని ఫేడ్ మింగేస్తుంది. చూసేవాళ్లకు అది సూటిగా పోయిన మంచి త్రోలా కనిపిస్తుంది. పుట్టర్‌తో 70 మీటర్లు సూటిగా విసరగలిగిన చేతికి తర్వాత ఏ డ్రైవర్ ఇచ్చినా దాని అంకెలకు దగ్గరగానే ఎగురుతుంది. దీని తిరగేసిన మాట మాత్రం నిజం కాదు.

మరి ఏ మూడు? అమ్మకానికి వచ్చే స్టార్టర్ సెట్లలో సాధారణంగా ఒక డ్రైవర్, ఒక మిడ్‌రేంజ్, ఒక పుట్టర్ ఉంటాయి. ఈ కూర్పు మంచిదే, డ్రైవర్ స్పీడ్ 7 లోపు ఉన్నంతవరకు. పుట్టర్ విషయంలో పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. 2, 3, 0, 1 అంకెలున్న ఏవియర్ లాంటి సాదా పుట్టర్ ఏదైనా చాలు, చేతికి నచ్చితే అయిపోయినట్టే. మిడ్‌రేంజ్ ఎక్కువ పని చేసేది కాబట్టి సూటిగా పోయి చివర్లో కొంచెం మాత్రమే ఎడమకు వచ్చేది కావాలి. ఆలోచించాల్సింది డ్రైవర్ గురించే.

చేతి వేగం తక్కువైతే లెపర్డ్ లాంటిది, అంటే 6, 5, -2, 1, బాగా కుదురుతుంది. నెమ్మదిగా విసిరినా టర్న్ కొంత కనిపిస్తుంది, డిస్క్ సూటిగా చాలాసేపు తేలుతుంది. 150, 160 గ్రాముల తేలిక డిస్క్ అయితే ఇంకా సులువు, గాలి లేని రోజు. చేతి వేగం పెరిగినవాళ్లకు మాత్రం సలహా తిరగబడుతుంది. వాళ్లు టీబర్డ్ లాంటిదాని వైపు, అంటే 7, 5, 0, 2 వైపు పోవాలి. కారణం ఇది: కాస్త ఓవర్‌స్టేబుల్ డిస్క్‌ను యాన్‌హైజర్‌లో వేసి సూటిగా పోయేలా, కుడికి వెళ్లి తిరిగొచ్చేలా బలవంతం చేయొచ్చు. అండర్‌స్టేబుల్ డిస్క్‌ను ఎదురుగాలిలో ఎడమకు రమ్మని బలవంతం చేయలేం. ఉన్నవి మూడే అయినప్పుడు మాట వినిపించగలిగిన డిస్కే మేలు. అయితే ఆ బలవంతం చేయడానికి చేతిలో వేగం ఉండాలి. అది లేనివాడికి టీబర్డ్ కూడా ఎడమకు పోయే ఇంకో డిస్కే.

గాలి గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చిన్న సంచికి నిజమైన నష్టం జరిగేది గాలిలోనే. ఎదురుగాలి వీస్తే డిస్క్‌కు గాలితో పోల్చిన వేగం పెరుగుతుంది. అంటే టర్న్ ఎక్కువవుతుంది. ప్రశాంతమైన రోజున సూటిగా పోయే మిడ్‌రేంజ్ ఎదురుగాలిలో కుడికి తిరిగి తిరిగి, ఒక్కోసారి అంచు మీద పడి దొర్లుకుంటూ పోతుంది. వెనక నుంచి గాలి వీస్తే ఇందుకు వ్యతిరేకం: టర్న్ తగ్గుతుంది, ఫేడ్ తొందరగా వస్తుంది, పుట్టర్ అనుకున్నదానికంటే ముందే నేలకు దిగుతుంది. తక్కువ డిస్క్‌లతో దీనికి ఉన్న మందులు రెండే. ఎదురుగాలిలో ఎత్తు తగ్గించి, ముందు అంచు కిందికి పెట్టి, కాస్త హైజర్‌తో వేయడం. వెనక గాలిలో ఎత్తు పెంచడం. ఒక మోస్తరు గాలి దాకా ఇవి సరిపోతాయి. అది దాటితే ఎంత నైపుణ్యం ఉన్నా మూడు డిస్క్‌ల ఆటగాడు స్కోరులో కొంత వదులుకోక తప్పదు. పొడవైన, చెట్లు లేని కోర్సుల్లో కూడా అంతే. 150 మీటర్ల హోల్‌కు స్పీడ్ 7 డిస్క్‌తో వెళ్తే చాలామందికి ఒక త్రో అదనం అవుతుంది.

పొట్టి హోల్స్ సంగతి వేరు. 80 మీటర్ల హోల్‌ను మూడు త్రోల్లో ముగించే ఆటగాడి లెక్క చూడండి: టీ నుంచి ఒక డ్రైవ్, ఒక అప్రోచ్, బుట్టలోకి వేసే ఒక పుట్. సంచిలో పాతిక డిస్క్‌లున్నా అందులో అప్రోచ్, పుట్ సాధారణంగా పుట్టర్‌తోనే జరుగుతాయి. మిగతా డిస్క్‌లన్నీ పోటీ పడేది ఒక్క త్రో కోసం. ఆ త్రో పది మీటర్లు తగ్గితే అప్రోచ్ పది మీటర్లు పెరుగుతుంది, అంతే. ఏడు మీటర్ల పుట్ తప్పితే మాత్రం ఒక త్రో పూర్తిగా పోతుంది. స్కోరు దిగజారకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఒకే డిస్క్‌తో ఆడాల్సి వస్తే ఏది తీసుకోవాలన్న పాత వాదానికి జవాబు కూడా ఇందులోనే దొరుకుతుంది. చాలామంది మిడ్‌రేంజ్ అంటారు. పుట్టర్ అనడమే సబబు. బాస్కెట్ చుట్టూ 10 మీటర్ల లోపల నిలబడి పుట్ చేసేటప్పుడు డిస్క్ వదిలాక తూలకుండా నిలబడాలి, ముందుకు అడుగేయకూడదని నియమం. అంటే ఒంటి ఊపు వాడుకునే వీలు తక్కువ, మెత్తగా విసరాలి. మెత్తగా విసిరినప్పుడు కూడా తేలగలిగేది, గొలుసులకు తగిలి బుట్టలో పడేది పుట్టరే. పదునైన అంచున్న వేగపు డిస్క్ తప్పితే బాస్కెట్ దాటి చాలా దూరం జారిపోతుంది. తిరిగి వేయాల్సిన పుట్ మొదటిదానికంటే పెద్దదవుతుంది.

పుట్టర్‌తోనే డ్రైవ్ కూడా చేస్తే ఒక చిక్కుంది. చెట్లకు తగిలి అంచు గీతలు పడుతుంది, నొక్కులు పోతుంది, బొటనవేలికి గరుకు తగులుతుంది. అలా అరిగిన డిస్క్ మెల్లమెల్లగా అండర్‌స్టేబుల్ అవుతుంది. చౌక రకం ప్లాస్టిక్‌లో ఈ మార్పు త్వరగా వస్తుంది, గట్టి ప్రీమియం ప్లాస్టిక్‌లో ఆలస్యంగా వస్తుంది. సంచి చిన్నదైతే ప్రతి డిస్క్ మీదా పడే త్రోలు ఎక్కువ కాబట్టి అరుగుదలా ఎక్కువే. విచిత్రమేమిటంటే విసిరేవాడికి అది తెలియదు. డిస్క్ రోజుకింత మారుతుంటే చెయ్యి కూడా రోజుకింత హైజర్ కలుపుతూ పోతుంది. ఏదో ఒక రోజు అదే మోడల్ కొత్తది కొని విసిరితే అది ఎడమకు పోయి పడుతుంది, ‘ఈ బ్యాచ్ బాగాలేదు’ అనిపిస్తుంది. అరుగుదలను వాడుకునే తెలివైన పద్ధతి ఒకటుంది. వేరే మోడల్ కొనకుండా ఉన్న మోడల్‌నే ఇంకోటి కొనడం. పాతది సూటి షాట్లకూ కుడి వంపుకూ, కొత్తది గాలికీ ఎడమ వంపుకూ. పట్టు ఒకటే, వేళ్లకు అలవాటైన లోతు ఒకటే, ఎగిరే తీరు మాత్రం రెండు రకాలు. పుట్టర్లకైతే ఈ పద్ధతి ఇంకా అవసరం: గీతలు పడ్డది విసరడానికి, శుభ్రంగా ఉన్నది పుట్‌కు మాత్రమే.

డిస్క్ పోయే అవకాశాన్ని కూడా లెక్కలో ఉంచుకోవాలి. నియమం ప్రకారం మూడు నిమిషాలు వెతికాక దొరకకపోతే పోయినట్టే, ఒక పెనాల్టీ త్రో పడుతుంది. ఇరవైలో ఒకటి పోతే సంచి తేలికవుతుంది. మూడింటిలో పుట్టర్ చెరువులో పడితే మిగతా రౌండంతా మిడ్‌రేంజ్‌తో పుట్ చేయాలి. నీళ్లున్న కోర్సుకు వెళ్లేటప్పుడు అడుగున ఒక అదనపు పుట్టర్ ఉంచుకోవడం సంఖ్య పెంచడం కిందికి రాదు. బయటికి తీయకుండా ఉండగలిగితే.

మూడు నుంచి నాలుగుకు ఎప్పుడు వెళ్లాలన్నదానికి ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ఒక షాట్ పదే పదే ఎదురవుతుంది, కోణం మార్చినా ఎత్తు మార్చినా ఉన్న డిస్క్‌లతో రావట్లేదు, రాకపోవడానికి కారణం చెయ్యి కాదని కూడా ఖాయమైంది. అప్పుడు కొనాలి. చాలామందికి ఆ షాట్ ఎదురుగాలిలో ఫోర్‌హ్యాండే అవుతుంది, కొనే డిస్క్ 9, 3, 0, 4 అంకెలున్న ఫైర్‌బర్డ్ లాంటి ఓవర్‌స్టేబుల్ డ్రైవర్ అవుతుంది. ఎక్కువ దూరం పోదు, కానీ గాలి ఎటు వీచినా చెప్పిన వైపే వాలుతుంది, నేల తాకాక అదే వైపు జారుతుంది. స్పీడ్ 12 డ్రైవర్ వంతు దీని తర్వాతే, అది కూడా తక్కువ స్పీడ్ ఉన్న ఫెయిర్‌వే డ్రైవర్‌లో టర్న్ స్పష్టంగా కనిపించడం మొదలయ్యాక.